బతికి సాధిస్తాను

“నాకు కోపమే రాదమ్మాయ్! డెబ్బై ఆరేళ్లలో ఒక్కసారి కోప్పడ్డానని తెలిస్తే నా చెవి కోసిస్తాను,” అంటూ సీతారత్నం చేతిసంచిని లాయరు ప్రతిమ బల్ల మీద విసిరికొట్టింది. మధ్యలో కరోనా కోసం నిలబెట్టిన ప్లాస్టిక్ తెర గడగడలాడింది.

“మరి ఇల్లు ఆ విశ్వనాథం గారి ట్రస్టుకే ఎందుకు ఆంటీ?”

“వాణ్ణి ముంచడానికి!”

భర్త గంగాధరరావు ఇక్కడే, జర్మనీలోని ఆకెన్ ఊరి ఆస్పత్రిలో కరోనాతో పోయాక ఆవిడ పొయ్యి వెలిగించడం మానేసింది. బీపీ మాత్రలు మూత తీయకుండానే పడున్నాయి. పిల్లలు లేరు. జూమ్‌లో సంతాపసభ పెట్టారు. అందరూ మౌనం పాటిస్తుండగా, వృద్ధుల సేవా ట్రస్టు నడిపే విశ్వనాథం గొంతు ఖంగున వినిపించింది.

“ఈవిడ మాత్రం ఎన్నాళ్లులే! క్రిస్మస్ చూడదు. ఆ ఇల్లు మన ట్రస్టుకొస్తే బావుణ్ణు.”

మైకు కట్టేయడం మరిచాడు, పాపం. ఊళ్లో తెలుగువాళ్లంతా విన్నారు. సీతారత్నం ఆ పూటే లేచి ఉప్మా కలియబెట్టుకుని గిన్నె ఖాళీ చేసింది.

“ఇలా రాద్దాం,” అంది ప్రతిమ. “ఇల్లు దానంగా వాళ్లకిస్తారు. ఉండేది మీరే. బదులుగా మీరున్నంతకాలం నెలనెలా వాళ్లు మీకు డబ్బు కట్టాలి. మీరు తొందరగా పోతే లాభం వాళ్లది. ఎక్కువకాలం ఉంటే నష్టమూ వాళ్లదే.”

“నేను నూరేళ్లుంటే?”

“నూరేళ్లూ కట్టి చావాల్సిందే.”

నోటరీ మాస్కులోంచే దస్తావేజు మొత్తం బిగ్గరగా చదివాడు. ఇక్కడి చట్టం అంతే. ‘జీవితాంతం’ అన్నచోట సీతారత్నం ఆపించి, విశ్వనాథం కళ్లలోకి చూస్తూ మళ్లీ చదివించుకుంది.

ఇక మొదలైంది కక్ష. మంచు కురిసినా నడక. పొద్దున్నే కాకరకాయ రసం. టీకాకు టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, తనకే ముందు దొరకాలని పంతం. డబ్బు పడిన రోజు ఫోను.

“ఏమయ్యా విశ్వనాథం, ఇంకా ఉన్నాను!”

“ట్రస్టు మునిగిపోతోందమ్మా! కాస్త దయచూడండి!”

“నీ ట్రస్టుకు తద్దినం పెట్టిగాని పోను!”

రెండో క్రిస్మస్ కూడా దాటింది. ఆ నెల తిట్లు తిని విశ్వనాథం ఫోను పెట్టేస్తుంటే భార్య శారదాదేవి కంగారుపడింది.

“నిజంగానే మునుగుతున్నామా?”

“లేదే. అదొక్కటీ నేనాడే అబద్ధం. ఆవిడ హుషారు కోసం.”

“నోరు జారినందుకు ఎన్నాళ్లండీ ఈ శిక్ష?”

విశ్వనాథం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“తను పోయాక ఆవిడకు కోపం తెప్పించమని ఆస్పత్రి నుంచి చేసిన చివరి ఫోనులో బతిమాలింది గంగాధరరావు గారే.”