అల్లుడుగారి ఊదా చుక్క

"చూడండి అల్లుడుగారూ, ఈ నెలాఖరులోగా మీ ల్యాబులోంచి పనికొచ్చే విషయం ఒక్కటైనా బయటికి రావాలి. రాకపోతే తాళాలు చిన్నల్లుడికి ఇచ్చేసి, మీరు గోడౌన్లో సీసాలకి మూతలు బిగించుకుందురుగాని" అన్నారు మామగారు.

మామగారిది టానిక్కుల కంపెనీ. పెద్దల్లుడు కాబట్టి ఈయన ల్యాబుకి డైరెక్టరు. రసాయన శాస్త్రంలో ఆయనకున్న అనుభవమల్లా కాఫీలో పంచదార కలుపుకోవడమే. అది కూడా సగం రోజులు భార్యే కలిపి ఇచ్చేది.

ల్యాబులో పని తెలిసిన మనిషి ఒక్కతే. అందరూ ఆవిడని చుక్కలమ్మ అంటారు. తెల్లటి పొడి పల్చగా పూసిన గాజు పలక తీసుకుని, అడుగున పెన్సిలుతో గీత గీసి, గీత మీద వరసగా ఒక్కో టానిక్కుదీ ఒక్కో చుక్క పెడుతుంది. పలక అంచుని ద్రావకంలో నిలబెడుతుంది. ద్రావకం పైకి పాకుతూ చుక్కలో ఉన్న సరుకులన్నిటినీ విడదీసి, దేని ఎత్తులో దాన్ని దింపేస్తుంది. ఎందులో ఏముందో ఇట్టే తేలిపోతుంది.

తమ టానిక్కులో ఏముందో పదేళ్లుగా తేలుతూనే ఉంది. కాస్త రంగు, కాస్త తీపి. ఆవిడ నెలనెలా అదే రాసి ఇస్తోంది. పదేళ్లయినా ఆవిడ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.

మామగారి మాటకి అల్లుడుగారికి పౌరుషం పొడుచుకొచ్చింది. చుక్కలు తనే పెట్టే మెషినొకటి, పలకకి ఫొటో తీసి గ్రాఫు గీసే మెషినొకటి తెప్పించారు. ఏదైనా కనిపెడితే చిన్నల్లుడు ఎక్కడ తన ఖాతాలో వేసుకుంటాడోనని కొత్త రూలు కూడా పెట్టారు. తన సంతకం పడందే ఏ పలకా ద్రావకంలో దిగకూడదు. మొదటి పలక రాగానే, పెళ్లికి మామగారిచ్చిన బంగారు పాళీ పెన్ను తీసి, తమ టానిక్కు చుక్క కిందే నల్ల సిరాతో పొట్టి సంతకం పెట్టి మురిసిపోయారు.

అరగంటలో పలక బయటికొచ్చింది. ఆరు టానిక్కులకి ఆరు వరసలు. పోటీ కంపెనీల వరసలు ఐదూ ఉసూరుమంటున్నాయి. తమ వరసలో మాత్రం నడిమధ్యన నిండైన ఊదా చుక్క. గ్రాఫులో కొండంత శిఖరం.

"సార్, ఒక్క మాట" అంది చుక్కలమ్మ.

"మెషిను అబద్ధం చెప్పదమ్మా. నీకు మింగుడుపడదు, నాకు తెలుసు."

మర్నాడు మళ్లీ చేశారు. మళ్లీ ఊదా చుక్క. మూడోనాడు అల్లుడుగారు జలుబు చేసి రాలేదు. ఆ రోజు రూలు పక్కన పెట్టి చుక్కలమ్మ ఒక్కతే నడిపిన పలక మీద ఊదా చుక్క జాడే లేదు. మర్నాడు తెచ్చి ఆయనకి చూపించింది.

"చూశావా? నా చెయ్యి పడితేనే వస్తుంది. హస్తవాసి అంటే ఇదీ."

"అదే సార్, నేను చెప్పబోయేది..."

"చెప్పకు. నీ పర్మనెంటు ఫైలు నా బల్ల మీదే ఉంది. అక్కడే ఉండమంటావా?"

ఇంట్లో ఇద్దరు పిల్లల చదువులు గుర్తొచ్చి చుక్కలమ్మ నోరు కుట్టేసుకుంది.

ఇక అల్లుడుగారిని పట్టేవాళ్లు లేరు. ఆ పదార్థానికి మామగారి పేరే పెట్టారు. 'ఊదా చుక్క గల ఏకైక టానిక్కు' అని లేబుళ్లు రాయించారు. భార్య అడక్కుండానే రెండో కాఫీ ఇచ్చింది. చిన్నల్లుడు ముఖం మాడ్చుకుని తిరిగాడు. అనుమతుల ఆఫీసు వాళ్లు వచ్చి సరేనంటే చాలు, ల్యాబే కాదు, కంపెనీలో సగం కూడా అల్లుడుగారిదేనని మామగారు మాటిచ్చేశారు.

అనుమతుల ఆఫీసు నుంచి కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ ఒకరు వచ్చారు. కుటుంబమంతా ల్యాబులో చేరింది. అల్లుడుగారు సంతకం చేశారు, పలక దిగింది, ఊదా చుక్క లేచింది. మామగారి కళ్లు చెమర్చాయి.

పెద్దావిడ పలకని వెలుతురుకి పట్టి చాలాసేపు చూశారు. తర్వాత చుక్కలమ్మ వైపు తిరిగారు.

"గీతలు దేనితో గీస్తావమ్మా?"

"పెన్సిలుతోనేనండీ. మొదటి రోజు నుంచీ పెన్సిలే."

"మంచిది" అన్నారావిడ. "డైరెక్టరుగారూ, ఇంకొక్కసారి చూద్దాం. ఈసారి మీ టానిక్కు పక్కన ఉత్త నీళ్లు కూడా పెట్టించండి. సంతకం మాత్రం నీళ్ల చుక్క కింద చేయండి."

"నీళ్లకి నా సంతకమెందుకండీ?"

"మీ హస్తవాసి గురించి చాలా విన్నాను. నీళ్లని మాత్రం ఎందుకు చిన్నబుచ్చడం?"

అల్లుడుగారు పొంగిపోయారు. ఈసారి పొట్టి సంతకంతో సరిపెట్టలేదు. కింద గీత కూడా లాగి పూర్తి సంతకం చేశారు. పలక ద్రావకంలో దిగింది. ఆ అరగంటా ఊరికే పోనివ్వడం దేనికని మామగారు గోడౌనుకి ఫోను చేసి, సీసాలన్నిటికీ లేబుళ్లు అంటించేయమన్నారు. చిన్నల్లుడు లేచి వచ్చి తోడల్లుడికి చెయ్యి కలిపాడు. అల్లుడుగారు పెద్ద మనసుతో అతని భుజం తట్టారు.

మూత తీసి పలక పైకెత్తేసరికి టానిక్కు వరస ఊదా చుక్క లేక వెలవెలబోతోంది. ఉత్త నీళ్ల వరసలో, అల్లుడుగారి నల్ల సిరా సంతకంలోంచి బయల్దేరిన ఊదా చుక్క, రోజూ ఎక్కే ఎత్తుకే ఎక్కి, ఇంకా పెద్దదై కూర్చుంది.