మాడిన గులాబీ పువ్వులు

"అచ్చు నూనెలో కాగాకే పిండిలో ముంచండి," మూసిన తలుపు లోపల నుంచి చెప్పింది సువార్తమ్మ.

క్రిస్మస్‌కు ఏటా ఆమె వండే గులాబీ పువ్వులు ఈసారి భర్త సామ్యేలు నెత్తిన పడ్డాయి. కరోనా వచ్చి ఆమె మణికొండ ఫ్లాటులో ఆ గదికే పరిమితమైంది. జ్వరం తగ్గింది గానీ ముక్కుకు వాసన తెలియడం లేదు. ఇక ఎప్పటికీ తెలియదేమోనని ఆయనకు లోలోపల దిగులు.

"పువ్వు ఊడి రావట్లేదే!"

"ఎన్నడైనా వంటింట్లో అడుగు పెడితేగా!"

రోషమొచ్చి, అచ్చు నూనెలోనే వదిలేసి, ఆయన తలుపు దగ్గరకొచ్చి వాదనకు దిగాడు.

"అయ్యో, మాడు వాసన! పొయ్యి చూడండి, చేతకాని మనిషీ!"

సామ్యేలు కదల్లేదు. "ఏం వాసనా?"

లోపల నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"మాడు వాసనేనండీ," అంది మెల్లగా.

"స్తోత్రం!" ఆయన పొయ్యి దగ్గరకు పరుగెత్తాడు. "ఉండు, ఇంకోటి మాడుస్తా!"