ఓడ కింద చెప్పులు

"ఇఖామా ఫీ?"

బుల్లిరాజు పైప్రాణాలు పైనే పోయాయి.

అడిగింది పోలీసు కాదు. తెల్లటి అరబ్బు అంగీ తొడుక్కున్న ముసలాయన. కాళ్ళకు చెప్పుల్లేవు. బుల్లిరాజు మ్యూజియంలో అడుగుపెట్టిన దగ్గర్నుంచీ వెంటే తిరుగుతున్నాడు.

ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఇఖామా, ఉందా అని అడుగుతున్నాడు. ఉందంటే చూపించమంటాడు. లేదంటే ఏం చేస్తాడో!

నిజానికి లేదు. వీసాకు పూచీ పడ్డ పాత యజమాని, అదే పాత కఫీల్, దుకాణం మూసేస్తూ కార్డు లాగేసుకున్నాడు. కొత్త కఫీల్ రేపు పొద్దున్నే ఇస్తానన్నాడు. ఈ ఒక్కపూట గడిస్తే సబ్‌హాన్‌లో వడ్రంగి పని ఖాయం. ఈలోగా పట్టుబడ్డాడా, జైలు, ఆపైన విమానం. మళ్ళీ కువైట్ గడప తొక్కనివ్వరు.

"రూములో ఉండకొరేయ్! శుక్రవారం రూములే సోదా చేత్తన్నారు. రేవు పక్కన ఓడల మ్యూజియం ఉంది, అక్కడికెల్లి కూకో. పాత సామాన్లతో పోలీసోళ్ళకి పనేంటంట?" అని పంపించాడు రూములో ఉండే కుక్కుటేశ్వరరావు.

పోలీసుల మాటేమో గానీ, ఈ ముసలాయన తగులుకున్నాడు.

చెయ్యి పట్టుకుని గోడ మీద పటం దగ్గరికి లాక్కెళ్ళాడు. ఒకప్పుడు పోర్చుగీసువాళ్ళు ఏలిన రేవులన్నీ అందులో ఎర్రచుక్కలు. పటం కింద వాళ్ళ ఫిరంగి ఒకటి తుప్పు పట్టి పడుంది. ముసలాయన మన దేశం అంచున ఉన్న ఓ చుక్క మీద వేలుపెట్టి, తన గుండె తట్టుకుని, అరబ్బీలో గడగడా ఏదో చెప్పాడు.

బుల్లిరాజుకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"అరబ్బీ మాఫీ మాలూమ్, బాబా!" అని, తనకు అరబ్బీ రాదని వచ్చిన రెండు ముక్కల్లో చెప్పాడు చెయ్యి విడిపించుకుంటూ.

"ఇఖామా ఫీ? మాఫీ?" ఉందా, లేదా అని మళ్ళీ అదే పాట.

ఇంతలో వీధి గుమ్మం దగ్గర బూట్ల చప్పుడు. అరబ్బీలో గద్దింపు.

పోలీసులే!

బుల్లిరాజు వెనక వాకిట్లోకి ఒకటే పరుగు. చెప్పులు టపటపా మోగాయి. "హేయ్!" అని కేక వినబడింది.

వాకిట్లో చుట్టూ ఎత్తు గోడలు. మధ్యలో దుంగల మీద నిలబెట్టిన పాతకాలం తెరచాప ఓడ, దానికో నిచ్చెన. మరో దారి లేదు.

కోనసీమలో పడవలవాళ్ళ ఇంట పుట్టినవాడు. చెప్పుకాలితో పడవెక్కితే తాత వీపు విమానం మోత మోగించేవాడు. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది! ప్రాణం మీదికొచ్చిన వేళ కూడా చెప్పులు నిచ్చెన కింద విడిచి, ఓడను తాకి కళ్ళకద్దుకుని మరీ ఎక్కాడు మహానుభావుడు. సరుకు పోసే అడుగు గదిలోకి దిగి నక్కి కూర్చున్నాడు.

కూర్చున్నాక గుర్తొచ్చాయి చెప్పులు.

"ఓరి నా బుద్ధి మండా!" అని తల బాదుకున్నాడు.

పలకల సందులోంచి చూశాడు. ముసలాయన నిచ్చెన దగ్గరే ఉన్నాడు. చెప్పుల్ని చూశాడు. తలెత్తి ఓడను చూశాడు.

"చెప్పకు బాబా, నీకు పుణ్యముంటుంది," అని లోపల్లోపలే దణ్ణం పెట్టుకున్నాడు బుల్లిరాజు.

ముసలాయన వంగి ఆ చెప్పులు తొడుక్కున్నాడు. టపటపా చప్పుడు చేసుకుంటూ ఇద్దరు పోలీసులకు ఎదురెళ్ళి, కాళ్ళ వైపు చూపిస్తూ ఏదో చెప్పాడు. ముగ్గురూ లోపలికి వెళ్ళిపోయారు.

"కొంప ముంచేశాడు! ఇంకా జనాన్ని ఎంటేసుకొత్తాడు," అనుకున్నాడు బుల్లిరాజు. ఇంకేం ఆగుతాడు? ఓడ మీంచి గోడ మీదికి, గోడ మీంచి సందులోకి దూకాడు. కాలిపోతున్న రోడ్డు మీద ఉత్తికాళ్ళతో గెంతుకుంటూ, దారి పొడుగునా ముసలాయన్ని తిట్టుకుంటూ రూముకు చేరాడు.

మర్నాడు ఇఖామా చేతికొచ్చింది.

తర్వాతి శుక్రవారం దాన్ని జేబులో పెట్టుకుని దర్జాగా మ్యూజియానికి బయల్దేరాడు. ఆ ముసలాయన మొహం మీద కార్డు ఆడించాలి. చెప్పులడిగి పుచ్చుకోవాలి. అంత కసిగా ఉంది.

వాకిట్లో ఒకావిడ ఊడుస్తోంది.

"ఎక్కడున్నాడో ఆ దొంగ ముసలోడు!" అని పైకే గొణుక్కున్నాడు.

ఆవిడ చీపురు ఆపింది. "తెలుగోడివా అబ్బీ? నాది కడప. మహబూబ్ బీ అంటారు. ఎవురు దొంగ?"

"ఇక్కడ చెప్పుల్లేకుండా తిరుగుతాడండీ, ఆయన. నా చెప్పులు ఎత్తుకుపోయి, నన్ను పోలీసులకి పట్టించబోయాడండి."

మహబూబ్ బీ అతన్ని తేరిపార చూసింది. "ఆ చెప్పులు నీవేనా?"

"ఆయ్, నాయేనండి."

"పట్టిచ్చేది కాదప్పా. మనోళ్ళు ఎవురొచ్చినా ఇఖామా ఉందా అని అడుగుతాడు. లేనోళ్ళను దాచిపెట్టేదానికి. ఆ పొద్దు పోలీసోళ్ళు, చెప్పుల చప్పుడు విన్న్యాం, ఉరికింది ఎవురని గద్దిచ్చినారు. నేనే అన్న్యాడు. కాళ్ళు సూపిచ్చినాడు. కార్డు తియ్యమని, అది లేదని ఆయప్పనే పట్టుకొని పోయినారు."

జేబులో కార్డు మీదికి పోయిన బుల్లిరాజు చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"అదేంటండీ! సొంత దేశపోణ్ణి కార్డు లేదని పట్టుకుపోతారేంటి?"

మహబూబ్ బీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఆయప్ప కువైటీ యాడప్పా! లోపల పటంలో ఎర్రచుక్క ఉండాదే, ఆ డయ్యూ రేవు మనిషి. పోర్చుగీసు దొరలు ఏలేటప్పుడు, పిల్లోడుగా ఈ ఓడ అడుగునే దాక్కోని వచ్చినాడు. ఆయప్పకు పుట్టినకాణ్ణుంచీ ఏ దేశపు కార్డూ లేదు."