ఊరికే ఇస్తానన్నవాడు

కొట్టు గుమ్మం ముందు గొర్రెపిల్ల గింజుకుంటోంది.

"గట్టిగా పట్టుకోరా, జారిపోతుంది!" అని షావుకారు హమాలీ మీద అరిచాడు.

ఆయనది ఇనుప సామాన్ల కొట్టు, వెనకే ఇల్లు. మేకు దగ్గర్నుంచి దూలం దాకా ఏది అడిగినా లేదనడని పేరు. అలాంటి మనిషి భార్య ఆసుపత్రిలో ఉంటే, ఆమెకు కావలసిన సరుకొక్కటి మాత్రం ఏ బజారులోనూ దొరకడం లేదు.

రక్తం.

మామూలు రక్తం కాదు. లక్షల్లో ఒకరికి ఉంటుందట. ఆయనది కలవలేదు. ఆమె అన్నదమ్ములదీ కలవలేదు.

"ఎంతైనా ఇస్తానమ్మా, తెప్పించండి" అన్నాడు పొద్దున డాక్టరమ్మతో.

"ఇది కొనే వస్తువు కాదండీ. వెతుకుతున్నాం. సాయంత్రంలోగా దొరికితే ఆపరేషన్ చేస్తాం" అందామె.

అంతకు మించి ఆగితే ప్రాణానికే ముప్పట.

జేబు నిండా డబ్బుండీ ఉత్త చేతులతో ఇంటికి రావడం ఆయనకు అదే మొదటిసారి.

అప్పుడందుకుంది వాళ్ళమ్మ.

"రక్తానికి రక్తమే జవాబురా నాయనా. మీ తాత ఇచ్చాడు, మీ నాన్న ఇచ్చాడు. గడప తడిస్తే ఇల్లాలు నిలబడుతుంది. ముందా ఫోను ఆపెయ్. బలి అయ్యేదాకా బయటి గొంతు లోపల వినబడకూడదు."

షావుకారుకు పెద్ద నమ్మకమేమీ లేదు. కానీ చెయ్యడానికి ఇంకేమీ లేదు కూడా. చేతులు కట్టుకుని కూర్చోవడం ఆయనకు పుట్టి బుద్ధెరిగి చేతకాదు. ఫోను ఆపి సొరుగులో పడేశాడు.

కత్తి నూరుతుండగా వచ్చాడా మనిషి.

బక్కపలచగా ఉన్నాడు. నలిగిన చొక్కా. చంకలో అట్ట ఊడిన చిన్న బైబిలు.

"నమస్కారమండీ. రక్తం సంగతి మాట్లాడదామని..."

షావుకారుకు ఒక పద్ధతుంది. అమ్మడానికొచ్చినవాణ్ణి మాట పూర్తి చెయ్యనివ్వడు. పూర్తిగా వింటే మనసు మెత్తబడుతుంది, మెత్తబడితే నష్టం. ఆ పద్ధతి మీదే కొట్టు ఇంతదయింది.

"తెలుసులే. ఒకాయన తన రక్తం ధారపోశాడు, లోకం పాపమంతా చెల్లిపోయింది. అంతేగా?"

ఆ మనిషి నవ్వాడు.

"అది నిజమేనండీ. బలులన్నిటికీ ఆయనే ఆఖరు. ఆ మూగజీవాన్ని వదిలెయ్యండి, దాని ప్రాణంతో పనేముంది? కానీ ఇప్పుడు నేనొచ్చింది..."

"మన గుమ్మంలో నిలబడి మన ఆనవాయితీకి వంకలు పెడతాడేమిట్రా వీడు!" అంది వాళ్ళమ్మ.

"వంక కాదమ్మా. ఆవిడ బతకడానికి గొర్రె రక్తం పనికిరాదు. ఒక్క మనిషి ఇస్తే చాలు. నా మాట నమ్మి బండి తియ్యండి, ఇప్పుడే..."

"ఎక్కడికి, మీ ప్రార్థన కూటానికా?"

హమాలీ పకపకా నవ్వాడు.

"కాదండీ, నేను..."

"ఎంత తీసుకుంటావో అది చెప్పు ముందు."

"అయ్యో, దీనికి డబ్బేమిటండీ! ఊరికే ఇస్తాను."

ఆ మాటతో షావుకారుకు అంతా తేలిపోయింది. ధర చెప్పేవాడితో బేరమాడవచ్చు. ధరే లేదనేవాణ్ణి గడప తొక్కనివ్వకూడదు. ఇన్నేళ్ళలో ఊరికే ఇస్తానని వచ్చిన ప్రతివాడూ పోతూ పోతూ ఏదో ఒకటి పట్టుకుపోయినవాడే.

"మీ రక్తం మాకేమీ అక్కర్లేదు. నడువ్!"

ఆ మనిషి మొహంలో నవ్వు ఆగిపోయింది.

"మా రక్తం వద్దంటారా?" అని మెల్లగా అడిగాడు.

"వద్దు. మీ రక్తమూ వద్దు, మీ పుణ్యమూ వద్దు. మా తిప్పలు మేం పడతాం."

"ఇంకొక్కసారి ఆలోచించండయ్యా. ఆవిడ ప్రాణం..."

హమాలీ షట్టరు సగానికి లాగేశాడు. కింద సందులోంచి ఆ మనిషి పాదాలు కాసేపు అక్కడే కనిపించాయి. తర్వాత రోడ్డు దాటి, ఆగి ఉన్న బస్సెక్కాయి.

బలి అయింది. గడప తడిసింది. వాళ్ళమ్మ కళ్ళు మూసుకుని దండం పెట్టింది. షావుకారుకు మాత్రం గుండెల మీది బరువు తులమెత్తు కూడా తగ్గినట్టు లేదు. చేతులు కడుక్కుని బండి తీశాడు.

ఆసుపత్రి వరండాలోనే నర్సు ఎదురొచ్చింది.

"ఏమండీ, ఇందాకట్నుంచీ చేస్తున్నాం, మీ ఫోను పలకదేం? ఒక్కరే వచ్చారా?"

"ఒక్కణ్ణే. ఇంకెవరొస్తారు?"

"మీ కొట్టుకి ఒకాయన రాలేదా? సన్నగా ఉంటారు..."

"చంకలో బైబిలు పెట్టుకుని?" షావుకారు విసుగ్గా నవ్వాడు. "మీకూ తగిలాడా? మంచి గడుసువాడే. వస్తూనే రక్తమంటూ మొదలెట్టాడు. నోరు తెరవనిస్తేగా! పంపించేశాను."

నర్సు గోడకు చెయ్యి ఆనించింది.

"ఎటు వెళ్ళారు?"

"ఏదో బస్సెక్కాడు. ఎటు పోయేదో చూళ్ళేదు. అంత కావలసినవాడైతే ఫోను చేసి పిలవండి."

"ఆయనకి ఫోను లేదండీ. పక్కింటివాళ్ళతో కబురు పెట్టి రప్పించాం. ఇల్లు చేరేసరికే చీకటి పడిపోతుంది."

లోపలి గదిలోంచి డాక్టరమ్మ తొంగిచూసి, "వచ్చారా?" అని అడిగింది.

నర్సు లేదన్నట్టు తలూపి, షావుకారు మొహంలోకి చూడలేక నేల చూస్తూ అంది: "మీ బండిలో అయితే తొందరగా చేరతారని మేమే ఆయన్ని మీ కొట్టు దగ్గర దిగమన్నామండీ, మీ ఆవిడకి సరిపోయే రక్తం ఉన్నది ఆయనొక్కరికే."