మూడో పోటీ

హ్యూగీ గ్లాస్గోలో ముర్డో ఇంటి తలుపు తట్టాడు. తలుపు తీసిన ముర్డో భార్య లోపలికి రమ్మనలేదు.

“వచ్చావా? నా మొగుణ్ణి చంపడానికే పుట్టావయ్యా నువ్వు!” అంది.

హ్యూగీ టోపీ తీశాడు. మిడిల్‌వెయిట్ బాక్సింగ్ చాంపియన్ ముర్డో జీవితంలో ఓడింది రెండుసార్లే. రెండుసార్లూ హ్యూగీ చేతిలోనే. మూడో పోటీకి ముర్డో ఎంత పిలిచినా రాకుండానే హ్యూగీ రిటైరైపోయాడు.

“అది ముప్పై ఏళ్ల కిందటి మాటమ్మా. రింగులో అతనూ కొట్టాడు, నేనూ కొట్టాను.”

“ఆ సంగతి ఎవడికి కావాలి? పోయిన ఆదివారం పలకరించడానికని వచ్చి ఏం చేశావు?”

“ఏం చేశాను? నన్ను చూడగానే పిడికిలి బిగించి మీదికొచ్చాడు. పోనీ, సంతోషపడతాడని, చెయ్యి తగలగానే కింద పడిపోయాను. పది లెక్కపెట్టేదాకా లేవలేదు.”

“అదే నువ్వు చేసిన పాపం! ఇన్నేళ్లూ నిన్ను పడగొట్టాలన్న కసితోనే తెల్లారి లేచేవాడు, ఆ కసితోనే ఇంత తినేవాడు. నువ్వు పడ్డావు, ఆయన వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. ఇక లేవడం లేదు. చెంచాడు సూప్ కూడా గొంతు దిగడం లేదు.”

హ్యూగీ ఆమెను దాటుకుని లోపలికెళ్లి, ముర్డో కుర్చీ ముందు ఆగాడు.

“ఒరేయ్ ముర్డో! నీ దెబ్బకే పడ్డాననుకున్నావా? నీ మొహానికి నేను పడాలా? జాలేసి పడుకున్నానురా, సన్నాసీ!”

కుర్చీ చేతుల మీద రెండు పిడికిళ్లు బిగుసుకున్నాయి.

“ఇంకొంచెం గట్టిగా తిట్టవయ్యా!” వంటింట్లోంచి కేకేసింది ఆమె. “సూప్ వేడి చేస్తున్నాను.”