అడుగు లేని గూళ్లు

చెరువు మీదికి వంగిన తుమ్మచెట్టును మీరూ చూశారుగా, ఏం కనబడిందో చెప్పండి. కొమ్మ కొమ్మకీ గూళ్లే కదా? గద్దరాజుకీ అదే కనబడింది.

ఏ పిట్ట బాగా పనిచేస్తోందో గూళ్ల లెక్కతో తేల్చమని రాజు కొంగను పంపాడు. కొంగ గట్టు మీద నిలబడే లెక్కపెట్టేది. అది కనిపెట్టిన గిజిగాడు ఒక గూటికి అడుగు అల్లకుండానే ఇంకో గూడు మొదలుపెట్టేవాడు. చెట్టు నిండిపోయింది.

వాన ముంచుకొచ్చిన రోజు, మొగుడల్లిందే కదా అని అతని పెళ్లాం ఒక గూట్లో దూరి గుడ్డు పెట్టింది. అది నేరుగా నీళ్లలో పడింది.

"ఏమయ్యా, ఇక గుడ్లు నీ లెక్కలో పెట్టమంటావా?" అందామె.

అంతలో కొంగ పూలదండ పట్టుకొచ్చింది. "గూళ్లలో నీదే పైచేయి. రాజుగారు మెచ్చారు."

"అయ్యా, ఒక్కసారి లోపలికి తొంగిచూడండి. వాటిలో గుడ్డు నిలవదు" అన్నాడు గిజిగాడు సిగ్గుతో చితికిపోతూ.

"గుడ్ల సంగతి చూడమని నాకెవరూ చెప్పలేదోయ్. లెక్క తప్పంటే రాజు నా ఈకలు పీకుతాడు. మెడ వంచు."

పెళ్లాం ఇంకా నీళ్లకేసే చూస్తోంది. దండ అతని ముక్కు దాకా వచ్చింది.

మీరైతే మెడ వంచుతారా?