దొంగ స్ప్రింగులు

"ఆయన బండి ముందు షాకబ్జర్లు విప్పి నా బండికి ఎక్కించన్నా," అంటూ రేఖ భర్త కారు తాళాలు మెకానిక్ కొండల్ చేతిలో పెట్టింది.

తుక్కుగూడలో కొండల్ షెడ్డు ముందు రెండు కార్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకే కంపెనీ, ఒకే మోడల్. రేఖది ముందు చక్రాలు మాత్రమే లాగే బండి. భర్త శ్రావణ్‌కుమార్‌ది నాలుగు చక్రాలూ లాగే బండి.

కొండల్ తల గోక్కున్నాడు. "వెనకవైతే ఎక్కయక్కా, దాని అడుగే వేరు. ముందువి ఎక్కుతయి. కాకపోతే వాటి మీది స్ప్రింగులు జర తేడా. కంపెనీల్నే రంగు గుర్తు పెడ్తరు. నీ బండికి పసుపు, అన్న బండికి నీలం."

"రంగులు నాకెందుకన్నా? ఎక్కుతయా, లేదా?"

"కొత్తవి తెప్పిస్త, వారం ఆగరాదు?"

"రేపే ఎయిర్‌పోర్ట్ క్యాబుల చెకింగు. బండి గిట్ల ఊగితే గేటు కాడికెళ్లే ఎల్లగొడ్తరు. పోయిన నెల ఆయనే ఏదో షెడ్డుల సర్వీసు చేయించిండు. అప్పటిసంది ఊగుడు ఇంకా ఎక్కువైంది. నీ చేతుల బండి నిలువది, అమ్మేసి ఇంట్ల కూసో అంటుండు. నేను కూసోను!"

మాట గట్టిగానే వచ్చింది కానీ లోపల గుబులుగానే ఉంది. ఈ బండి పోతే మళ్లీ కూరగాయలకు కూడా ఆయన ముందు చెయ్యి చాచాలి.

కొండల్ శ్రావణ్‌కుమార్ బండికి జాకీ పెట్టి ముందు చక్రం ఊడదీశాడు. స్ప్రింగు బయటికొచ్చేసరికి ఎవరు చెప్పారో ఏమో, శ్రావణ్‌కుమార్ ఆటోలో దిగాడు.

"మొగుని బండికే కన్నమేస్తవానే? ఇది దొంగతనం! పోలీసులను పిలుస్త!"

"పిలువు," రేఖ రెండు కార్ల మధ్య అడ్డంగా నిలబడింది. "చెకింగయినంక జైలుకైనా వస్త. బండి మాత్రం అమ్మను."

అతను నిజంగానే ఫోన్ కలిపాడు. "హలో సార్, ఈడ దొంగతనమైతుంది..."

కొండల్ చేతిలోని స్ప్రింగును గుడ్డతో తుడిచాడు. నమ్మకం కుదరక మళ్లీ తుడిచాడు. వెళ్లి రేఖ బండి చక్రం సందులోకి టార్చి వేసి చూశాడు.

"అక్కా, నీ బండిల నీలం గుర్తుంది," అన్నాడు మెల్లగా. "అన్న బండిల విప్పింది పసుపుది."

శ్రావణ్‌కుమార్ ఫోన్ కట్ చేయబోయాడు. పోయిన నెల సర్వీసు గుర్తొచ్చి రేఖ ఆ ఫోన్ లాక్కుని చెవికి పెట్టుకుంది.

"అవును సార్, దొంగతనమే. జల్ది రాండ్రి, దొంగ నా ముంగటనే ఉన్నడు."